గట్టు మీద పెట్టిన గిన్నె

సారక్క మా పెద్దమ్మ వాళ్లింట్లో పదిహేడేళ్లు పని చేసింది. ఆ పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా వంటింటి గడప దాటి లోపలికి పోలేదు. అయినా ఆ ఇంట్లో ఏ కూరలో ఏం పడుతుందో ఆమెకు తెలిసినంతగా మా పెద్దమ్మ జానకికి కూడా తెలియదు. మసాలాలు దంచేది సారక్కే. ఏ రోజు ఏం దంచమన్నారో, అందులో ఎంత లోపలికి పోయిందో, ఎంత మిగిలి వెనక్కి వచ్చిందో చూసేది. లోపలి నుంచి వచ్చే వాసన పట్టుకుని మిగతాది తనే తెలుసుకుంది.

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద మేడిపల్లి దాటాక ఎడమ వైపు మట్టి బాటలో ఒక కిలోమీటరు పోతే ఆ ఇల్లు వచ్చేది. దొరల ఇల్లు కనుక ఊళ్లోవాళ్లు గడి అనేవాళ్లు. పొలాల్లో ఎర్రజెండాలు పాతిన ఏడాది మా పెద్దనాన్న గోపాల్ రావు ఇంటికి తాళం వేసి కరీంనగర్ వెళ్లిపోయాడు. నాలుగేళ్లు అద్దె ఇంట్లో ఉన్నారు. ఆ తర్వాత ఊరి సంఘంతో మాట్లాడుకుని తిరిగి వచ్చారు. భూమి దున్నుతున్నవాళ్లది, ఇల్లు ఆయనది, ఆ ఇంట్లో పోలీసులను మాత్రం ఉండనివ్వకూడదు. మాట అంతే. పెద్దనాన్న సరేనన్నాడు. కూతుళ్ల పెళ్లిళ్లు అప్పటికే అయిపోయాయి. పదకొండు గదుల ఇంట్లో ఇద్దరే మిగిలారు, బతకడానికి ఏ ఆధారమూ లేకుండా.

కాలువ పనుల మీద వచ్చిన ఇంజినీర్లు ఇద్దరు ఒక వానాకాలం గదులు అద్దెకు అడిగారు. భోజనం కూడా పెట్టగలరా అని మొహమాటంగా అడిగారు. హోటల్ అలా మొదలైంది. తర్వాత పసుపు కొనడానికి వచ్చే సేట్లు, విత్తనాల కంపెనీవాళ్లు, పొలాస నుంచి వచ్చే వ్యవసాయ శాస్త్రవేత్తలు వచ్చి రెండేసి రోజులు ఉండి పోయేవాళ్లు. పెద్దనాన్న వరండాలో కూర్చుని వాళ్లతో కబుర్లు చెప్పేవాడు. పెద్దమ్మ వండేది, వడ్డించేది. సారక్క దంచేది, తోమేది, నీళ్లు మోసేది.

వంట బడి ఆలోచన మెట్‌పల్లి ఏజెంటు బాలరాజుది. అతను గల్ఫ్‌కు మనుషులను పంపేవాడు. ఒకసారి బగారన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"దొరసానీ, దుబాయి క్యాంపులల్ల వంటోళ్లు దొరుకుతలేరు. మనోళ్లందరు పారలు పట్టుకొనే పోతున్నరు. ఒక్క నెల గంటె పట్టుడు నేర్పియ్యిండ్రి, బొంబాయిల టెస్టు పాసైతరు. పార కన్న గంటె నయం గదా, ఎండల నిలవడేదుండది."

మరుసటి నెల ఆరుగురు వచ్చారు. తలా ఒక కులం. వాళ్లను వంటింట్లోకి రానివ్వడం కుదరదు కనుక పెరట్లో ఖాళీగా ఉన్న వడ్ల కొట్టంలో ఇటుకలతో నాలుగు పొయ్యిలు కట్టించారు. పెద్దమ్మ మొదటి రోజు బగారన్నం చెప్పింది. రెండో రోజు పప్పుచారు చెప్పింది. అంతా విన్నాక దుర్గయ్య అనే ఆయన, లారీల మీద క్లీనరుగా తిరిగినవాడు, చెయ్యెత్తాడు.

"నలుగురికి గిట్ల. మరి రెండు నూర్ల మందికి ఎట్ల దొరసానీ?"

రెండు వందల మందికి పెద్దమ్మ ఎప్పుడూ వండలేదు. ఆ ఇంటి పెళ్లిళ్లలో వంటవాళ్లు వచ్చి వండేవాళ్లు, కట్టెలు అందించి గంజులనే పెద్ద పాత్రలు కడిగింది సారక్క. గోడ పక్కన మిరపకాయలు దంచుతున్న సారక్క తల ఎత్తకుండానే చెప్పింది.

"నాలుగును యాభై సార్లు ఎక్కిస్తే ఉప్పుకషాయమైతది. అన్నం పెరిగినంత ఉప్పు పెరగద్దు, మసాల అసలే పెరగద్దు. నీళ్లు కూడ తగ్గాలె."

మూడో రోజు నుంచి బడి సారక్కది. నెల తర్వాత వంట నేర్చుకున్నారని ఇచ్చే కాగితం మీద సంతకం మాత్రం పెద్దమ్మది.

సారక్క నేర్పే పద్ధతి వేరు. మొదటి రోజు ఒక్కొక్కరినీ పిడికెడు ఉప్పు తీయమని తక్కెడలో వేయించేది. ఎవరి పిడికెడు ఎంత తూగిందో వాళ్ల చేత పది సార్లు చెప్పించేది.

"నీ పిడికెడెంతనో నీకెరుకుండాలె. ఆడ తక్కెడుంటదో ఉండదో. చెయ్యి నీయెంటనే అస్తది."

"ఉప్పెక్కువైతే ఏం జెయ్యాలె అక్కా?" దుర్గయ్య అడిగాడు.

"ఉరుకాలె."

"ఎటు ఉరుకాలె? సుట్టు ఎడారేనాయె!"

"గందుకే జూసి ఎయ్యాలె."

కొట్టంలో నేర్చుకునేవాళ్లు వండింది కాలువ కూలీలకు సగం ధరకు పోయేది. కొన్నాళ్లకు పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, హోటల్‌లో దిగినవాళ్లకూ కొట్టంలోంచే కూర రావడం మొదలైంది. వంటింటి వెనక తలుపు పక్కన ఒక బండ గట్టు ఉండేది. సారక్క కూర గిన్నె దాని మీద పెట్టి రెండు అడుగులు వెనక్కి జరిగేది. పెద్దమ్మ వచ్చి తీసుకునేది. లోపలి నుంచి ఏదైనా ఇవ్వాలన్నా అంతే, పెద్దమ్మ పెట్టి జరిగేది, సారక్క తీసుకునేది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఏదీ వెళ్లేది కాదు. కొట్టం గిన్నెలు అల్యూమినియంవి. లోపలి స్టీలు గిన్నెలు ఆ గట్టు దాటి బయటికి పోకూడదు. ఎవరూ దీని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. నేను సెలవులకు వెళ్లినప్పుడు రోజూ చూసేదాన్ని. నాకూ అది వింతగా అనిపించేది కాదు.

నాలుగేళ్లలో తొంభై మంది దాకా నేర్చుకుని వెళ్లారు. దుర్గయ్య ఒకసారి వెళ్లి వచ్చి, ఇంకో కంపెనీ కోసం మళ్లీ వచ్చి చేరాడు. ఈసారి అరబ్బుల వంటలు తనే సారక్కకు చెప్పాడు. ఒకరోజు ఉల్లిగడ్డలు తరుగుతూ అన్నాడు.

"మమ్ములనందరిని తోలుతున్నవ్. నువ్వెప్పుడు పోతవ్ అక్కా?"

సారక్కకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. భర్త రాజన్న భీవండి మగ్గాల మీద పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఇంట్లో ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆ వారం బాలరాజు వచ్చినప్పుడు సారక్క అతన్ని కొట్టం బయట ఆపి అడిగింది. కువైట్‌లో ఇళ్లల్లో వంటకు ఆడవాళ్లను అడుగుతున్నారని అతను చెప్పాడు.

"వంటింట్లకు రానిస్తరా?" అంది సారక్క.

బాలరాజుకు అర్థం కాలేదు. "వంటకు పోయినంక వంటింట్లకు గాక యాడికి రానిస్తరక్కా?"

సారక్క నవ్వింది. ఆ నవ్వు పెద్దమ్మ వెనక తలుపులోంచి చూసింది. తర్వాత చాలాసార్లు దాని గురించి చెప్పింది.

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టారు. జగిత్యాల వెళ్లి ఫోటోలు దిగింది. సారక్క ఇప్పుడు ఒక్కదాని కోసమే ఎదురు చూసేది. పోలీసులు వచ్చి విచారించి, ఈ మనిషి మీద ఏ కేసూ లేదని రాసి పంపాలి. అది అయితే కువైట్. కాకపోతే లేదు. బాలరాజు ఈ మాట ఆమెకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఒక అమ్మాయి. భుజాల మీద గొంగళ్లు, వాటిలో చుట్టిన తుపాకులు. ఆ ఇంటికి నక్సలైట్ అన్నలు రావడం అది మొదటిసారి కాదు. వచ్చినప్పుడల్లా అన్నం పెట్టేవాళ్లు. పెట్టను అనే వీలు ఎవరికీ లేదు. కొట్టంలో కూర్చుని తిన్నాక అమ్మాయి లేచి అంది.

"మామిడితోటల ఇంకా ఐదుగురున్నరమ్మా. జర కట్టియ్యుండ్రి."

కొట్టంలో ఆ రోజు అన్నం అడుగంటింది. మిగిలింది మాడు. పెద్దమ్మ లోపలికి పోయింది. వెతికే తీరిక లేదు. మూత గట్టిగా ఉన్న పెద్ద స్టీలు గిన్నె చేతికి దొరికింది. అందులో హోటల్‌వాళ్ల కోసం ఉంచిన అన్నం, పప్పు పోసి తెచ్చి గట్టు మీద పెట్టింది. సారక్క గిన్నె వంక చూసి ఆగింది.

"దొరసానీ, ఇది లోపలిది."

"తీస్కపో. జల్దిన తీస్కపో."

సారక్క తీసుకుని తోటకు పోయింది. గిన్నె తిరిగి రాలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మకు గుర్తుకొచ్చింది, ఆ గిన్నె మీద పేర్లు చెక్కి ఉన్నాయని. "జానకీ గోపాల్ రావులకు పెళ్లి కానుక, శ్యాంసుందర్ రావు, మల్యాల." ఆమె అన్న ఇచ్చిన గిన్నె. ఎవరికీ చెప్పలేదు. పెద్దనాన్నకు కూడా.

ఏప్రిల్ మొదట్లో పాస్‌పోర్టు విచారణకు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పెద్దమ్మ చాయ్ ఇచ్చింది. మంచి మనిషి, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం అని చెప్పింది. అతను రాసుకుని, వారంలో రిపోర్టు పోతుంది అన్నాడు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొద్దున పది గంటలప్పుడు. రెండు రోజుల కింద గుట్టల్లో ఎన్‌కౌంటర్ జరిగినట్టు పేపర్లో వచ్చింది. అతను ముందు మల్యాల పోయి గిన్నె మీద పేరున్న మా మామయ్యను అడిగి, అక్కడి నుంచి వచ్చాడు. గుట్టల్లో దొరికిన ఆ గిన్నెను వరండాలో టీపాయ్ మీద పెట్టాడు. ఒక పక్కన సొట్ట పడి ఉంది. నేను పరీక్షలైపోయి అక్కడే ఉన్నాను, వరండా చివర కుర్చీలో, ఒళ్లో పుస్తకంతో.

"రావు గారు, ఇది మీదేనా?"

పెద్దనాన్న పేర్లు చదివాడు. "మాదే."

"గుట్టల్లోకి ఎట్లా పోయింది?"

పెద్దనాన్నకు నిజంగా తెలియదు. కానీ ఊహించి ఉంటాడు. ఇచ్చామంటే ఆయనను తీసుకుపోతారు. ఇంటిని పోలీసు క్యాంపుకు ఇమ్మని అప్పటికే రెండుసార్లు అడిగారు, ఇక అడగకుండానే తీసుకుంటారు. క్యాంపు పెడితే రెండోవైపు వాళ్లు ఊరుకోరు. ఇవన్నీ ఆయన మొహంలో కనపడ్డాయి. లేకపోతే తర్వాత నేను ఊహించుకున్నానేమో.

"అది పోయి చాన్నాళ్లయింది," అన్నాడు. "ఎప్పుడు పోయిందో కూడ యాదికి లేదు."

ఆ మాట ఎవరికీ హాని చేయదని అనుకున్నాడు. ఒక గిన్నె పోయింది, అంతే. కానీ ఆ ఇంట్లో వస్తువు కనపడకపోతే పెరట్లో పని చేసేవాళ్లను నిలబెట్టి అడగడం తాతల నాటి నుంచీ ఉంది. లోపలివాళ్లను ఎవరూ అడగరు. ఇన్‌స్పెక్టరుకు ఈ పద్ధతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పెరట్లో ఎవరు పని చేస్తరు?"

ఇన్‌స్పెక్టరు జవాబు కోసం ఆగలేదు, పెరట్లోకి మనిషిని పంపాడు. సారక్కను పిలిపించారు. ఆమె వచ్చి మెట్ల కింద నిలబడింది. రెండు చేతులకూ కారం అంటి ఉంది. గిన్నెను చూసింది. తర్వాత తలుపు దగ్గర ఉన్న పెద్దమ్మను చూసింది. పెద్దమ్మ గిన్నెను చూస్తూ ఉంది.

"ఇది నీ చేతికి ఎట్లా వచ్చింది?"

"గట్టు మీదుంటే తీసిన సార్."

"ఎవరు పెట్టిన్రు?"

సారక్క మళ్లీ పెద్దమ్మ వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా.

"వస్తువు మాదే, ఇంట్లోంచి పోయింది అని రాయండి," అని ఇన్‌స్పెక్టరు పెద్దనాన్న ముందు కాగితం పెట్టాడు. "గిన్నె కోర్టు నుంచి మీకే వస్తుంది." పెద్దనాన్న సంతకం పెట్టాడు.

"చేతులు కడుక్కొస్త సార్," అంది సారక్క.

"అక్కడ కడుక్కోవచ్చు. ఎక్కు."

జీపు పోయాక పెద్దనాన్న కుర్చీలోంచి లేవలేదు. "నేను దాని పేరు చెప్పలే గదా," అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్లీ అన్నాడు. పెద్దమ్మ చారు పోసింది. ఆ రోజు గదుల్లో దిగినవాళ్లు నలుగురు. అందరికీ భోజనం వేళకే అందింది.

సారక్కను స్టేషన్‌లో తొమ్మిది రోజులు ఉంచారు. దొంగతనం కేసు రాశారు. గుట్టల్లో ఎవరికి ఇచ్చావని అడిగారట. ఆమె ఏం చెప్పిందో, ఎలా అడిగారో మాకు తెలియదు. పదో రోజు బస్సు దిగి నడిచి వచ్చింది. బాలరాజు ఆ వారమే వచ్చి ఆమె ఫోటోలు ఆమెకు ఇచ్చేశాడు.

"కేసున్నదని రాసి పంపిన్రటక్కా. ఇగ కాదు."

"ఎన్నడు కాదా?"

"కేసు కొట్టేస్తే సూద్దాం. దొరోళ్లు నోటితోని చెప్తే కొట్టేస్తరు."

కొట్టంలో పన్నెండు మంది ఎదురు చూస్తున్నారు. పది రోజుల్లో వాళ్లకు బొంబాయిలో పరీక్ష. సారక్క మరుసటి రోజు నుంచే వచ్చింది. కుడి చెయ్యి భుజం దాకా లేచేది కాదు. గంజులో గంటె తిప్పడానికి దుర్గయ్యను నిలబెట్టి తను పక్కన నిలబడి చెప్పేది. ఒకసారి ఉడుకుతున్న పప్పు మీది మూతను ఉత్త చేత్తో తీసి పట్టుకుని, ఎంత నీళ్లు మిగిలాయో చూస్తూ ఉండిపోయింది. దుర్గయ్య లాక్కున్నాడు.

"అక్కా! చెయ్యి కాలుతలేదా?"

సారక్క అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఎర్రగా కమిలింది. "ఏమో," అంది.

ఆ తర్వాత ఆ బ్యాచ్ అంతా బొంబాయి రైలెక్కింది. ఆ పొద్దున సారక్క పొయ్యిలు అలికి, వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. గట్టుకు అవతల పెద్దమ్మ. నేను లోపల బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"దొరసానీ, ఒక్క ముచ్చట."

"చెప్పు సారక్కా."

"టేషన్‌కు అచ్చి ఒక్క మాట చెప్పాలె నువ్వు. నువ్వు గిన్నె గట్టు మీద పెట్టినవ్, నేను తీస్కపోయిన. గంతే. ఎవలకిచ్చినమని చెప్పద్దు. నేను దొంగను కానని చెప్తే సాలు."

పెద్దమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "గట్ల చెప్తే ఎవలకోసం పెట్టినవంటరు. ఈ ఇల్లు ఉంటదా ఇగ?"

"ఇల్లు నాదా దొరసానీ?"

పెద్దమ్మకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. "దొరను అడిగి చెప్త," అంది.

"అడుగు. కూసుంట."

సారక్క కొట్టంలో కూర్చుంది. పెద్దమ్మ హోటల్‌వాళ్లకు భోజనాలు పెట్టింది. గిన్నెలు సర్దింది. పడుకుని లేచింది. పెద్దనాన్న రెండుసార్లు పెద్దమ్మ పక్కనుంచే నడిచి పోయాడు. ఆమె అడగలేదు. నేను ఆమెకు గుర్తు చేయలేదు. ఎండ దిగాక సారక్క లేచి, కొట్టం తలుపు దగ్గరికి వేసి, మట్టి బాట పట్టి పోయింది. వెనక తలుపు దగ్గరికి మళ్లీ రాలేదు.

జూన్‌లో కొత్త బ్యాచ్ ఎనిమిది మంది వచ్చారు. పెద్దమ్మ కొట్టంలో నిలబడి నలుగురికి బగారన్నం ఎలా చేయాలో చెప్పింది. నూరు మందికి ఎంత ఉప్పు అని ఆగయ్య అనే అతను అడిగాడు. ఆమె తెలియదని చెప్పింది. వారంలో వాళ్లంతా వెళ్లిపోయారు.

ఆగస్టులో పోలీసులు ఇంటిని క్యాంపు కోసం తీసుకున్నారు. అడగలేదు, వస్తున్నామని చెప్పారు. పెద్దమ్మ వాళ్లు మళ్లీ కరీంనగర్ పోయారు. మరుసటి వేసవిలో క్యాంపు ఎత్తేశాక ఎవరో వచ్చి ఇంటి ముందు భాగం పేల్చేశారు. ఖాళీ ఇల్లు కనుక ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దనాన్న ఆ వార్త పేపర్లో చదివి, పేజీ తిప్పి మిగతా వార్తలు చదివాడు.

ఐదేళ్ల తర్వాత నాకు సిరిసిల్లలో కాలేజీలో తాత్కాలికంగా ఉద్యోగం వచ్చింది. మగ్గాల వాడలో ఒక మెస్ ఉందని, కూర బాగుంటుందని తోటి లెక్చరర్ చెప్పింది. పోతే సారక్క ఉంది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, వెనక పొయ్యి. పగలంతా మగ్గాల చప్పుడు. మాట గట్టిగా చెప్పాలి. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"జానకి దొరసాని చెల్లె బిడ్డవు గదా. పుస్తకాల పిల్లవు."

ఎలా ఉన్నావని అడిగాను. బాగానే ఉన్నానంది. తల్లి చనిపోయిందని చెప్పింది. కేసు ఇంకా ఉందని, రెండేళ్ల దాకా వాయిదాలకు జగిత్యాల పోయి వచ్చి తర్వాత మానేశానని చెప్పింది. ఇక్కడ తినేవాళ్లలో కొందరు మీరెవరు, ఏ కులం అని అడుగుతారట, చెప్తే కొందరు మానేస్తారట, కొందరు వస్తారట. దుర్గయ్య మస్కట్ నుంచి వచ్చినప్పుడు వచ్చి తిని పోతాడట. కువైట్ మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పెద్దమ్మ సంగతి అడిగింది. మోకాళ్ల ఆపరేషన్ అయిందని, పెద్దనాన్నకు చూపు తగ్గిందని చెప్పాను. సారక్క తల ఊపింది. బల్ల తుడుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ దినం దొరసాని అడిగిందా దొరను?"

మగ్గాల చప్పుడులో సరిగా వినపడలేదేమో అన్నట్టు నిలబడ్డాను. కానీ వినపడింది.

"లేదు," అన్నాను. "అడగలేదు."

"ఇప్పటిదాంక?"

"ఇప్పటిదాకా."

"ఊ," అంది సారక్క. ఆ బల్ల తుడవడం అయిపోయింది. రెండో బల్ల తుడవడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగిన మనుషులు ఒక్కొక్కరే లోపలికి వచ్చి కూర్చుంటున్నారు.